ఏడు నిమిషాలు

క్లాక్స్‌విక్ రేవు ఆఫీసులో
గోడ పొడవునా కాగితం అంటించి
స్కేలు పెట్టి గీత గీశాను.
నిమిషానికి వేలెడు చోటు.
ఎడమ చివర, పడవ బయలుదేరిన వేళ.

నీలం చుక్క ఇంజను, ఎర్రది రేడియో మాట.
నాలుగూ పదికి అల విరుచుకుపడింది.
నాలుగూ పదిహేడుకి రాడార్‌లో వెలుగు ఆరింది.
నడుమ ఏమీ లేదు.
తెలియనిదాన్ని తెల్లగానే వదలాలి, మా వృత్తిలో.

మార్యున్ వచ్చింది.
వాన కోటైనా విప్పకుండా
గీత వెంట నడిచింది, పెదాలు కదుపుతూ,
ఎక్కం అప్పజెప్పే పిల్లలా.
తెల్లచోట ఆగి ఫోను చూపించింది:
"నాలుగూ పద్నాలుగు. మోగింది.
నిద్రపోతున్నాను."

ఏ రంగు పెన్ను తీయాలో
చేతికి తోచలేదు.
ఆమే నా పెన్సిలు అందుకుని
చుక్క పెట్టింది, ఆవగింజంత.

కాసేపాగి,
దాన్ని కొంచెం ఎడమకి
జరపడానికి వీలుందా అని అడిగింది.