వెనక ఎరుపు

షిప్‌యార్డులో నా పని
ఓడలకు దీపాలు బిగించడం.
ఎడమకి ఎరుపు, కుడికి ఆకుపచ్చ,
వెనక తెలుపు.
ఎదురొచ్చే ఓడ ఎటు తిరిగి ఉందో
చీకట్లో కూడా తెలియాలి కదా.
ఇంజనీరు గారు రెండుసార్లు వెలిగించి చూసి
సంతకం పెడతారు.

రాత్రి పదింటికి షిఫ్టు దిగి
సింధియా నుంచి కంచరపాలెం దాకా
దీపం లేని సైకిలు తొక్కేవాణ్ణి.
పదకొండేళ్లు.
బెల్లుంది, బ్రేకులున్నాయి, కళ్లున్నాయి,
రోడ్డు నాకు కనబడుతోంది, ఇంకేం కావాలి?
నేను రోడ్డుకి కనబడాలన్న సంగతి
తట్టనే లేదు.
చొక్కా నీలం. సైకిలు నలుపు.
రేవు మీంచి వచ్చే బొగ్గుపొడి
మిగతాదంతా నలుపు చేసేది.

ఆ రాత్రి కాన్వెంటు జంక్షను దగ్గర
వెనక ఏదో పెద్దది మూలిగింది.
టైర్లు కాలిన వాసన
నన్ను దాటి ముందుకెళ్లింది.
లారీ బంపరుకీ నా క్యారేజీకీ మధ్య
టిఫిను డబ్బా పట్టేంత జాగా.

తిడతాడనుకున్నాను.
డ్రైవరు దిగొచ్చి రోడ్డు పక్కన కూలబడ్డాడు.
చేతులు వణుకుతున్నాయి,
నావి కావు, అతనివి.
"ఏటి బావూ, నువ్వు పోతే నీతో పోతాదా?
నా బతుకు కూడా ఇక్కడే ఉండిపోతాది."
కాసేపటికి లేచి
క్యాబిన్లోంచి ఎర్ర టేపు చుట్ట తెచ్చి
పళ్లతో తెంపి
నా వెనక మడ్గార్డు మీద అంటించాడు.
అంచులు లేవకుండా మూడుసార్లు నొక్కాడు.
పేరు అడగలేదు.
లారీ నంబరైనా చూసుకోలేదు.

మర్నాడు నూకరత్నం
పోపుల డబ్బా కింద నుంచి డబ్బు తీసి
లైట్లు కొనుక్కు రమ్మంది.
ముందు తెలుపు, వెనక ఎరుపు, పెడళ్లకు పసుపు.
ఓడకి తిరగేసినట్టుందే, అన్నాను నవ్వుతూ.
ఓడ కోసం నేను
అన్నం మీద మూతేసుకుని కూచోను, అంది.

ఇప్పుడు రోజూ గేటు దాటాక ఆగి
రిఫ్లెక్టరు మీది బొగ్గు తుడుస్తాను.
దానికి సొంత వెలుగు లేదు.
ఎవరి దీపం పడితే
వాళ్ల కంటికే తిరిగిచ్చేస్తుంది,
అప్పు ఉంచుకోదు.

డాల్ఫిన్ నోస్ మీద దీపస్తంభం
తన పాటికి తాను తిరుగుతుంటుంది.
నా కోసం కాదు.
మలుపులో వెనక లైట్లు పడి
నా నీడ ముందుకు పొడుగ్గా సాగినప్పుడు
ఆ బండేదో కొంచెం పక్కకి జరుగుతుంది.
ఆ జరగడం
నా వీపుకి తెలుస్తుంది.

టేపు అంచు ఒకటి లేచింది.
రేపు చూడాలి.