సెకండ్ల ముల్లు

ఎర్ర ముల్లు నాది.
గంటల ముల్లు మాబున్నీది, నిమిషాల ముల్లు తిప్పక్కది.
గుత్తి వాచీలో ఇరవై రెండేండ్లు
అన్నిటికంటే చివర, వెంట్రుకంత ఎరుపును
ఊపిరి బిగబట్టి నేనే దింపుతాంటి.
తుమ్ము వస్తే చెయ్యి ఎనక్కి తీసుకోవాల,
గాజులు మోచేతి మీదికి తోసుకోవాల.

కంబగిరి సారు ముందు రైల్వేలో గార్డు.
గుంతకల్లు యార్డులో ఒక రాత్రి కీమ్యాన్ ఎవరో
బీడీ వెలుగులో టైము చూసుకుంటాంటే చూసి
ఉద్యోగం ఇడిసిపెట్టి వాచీ చేసినాడు.
నల్ల మొకం, చీకట్లో మెరిసే అంకెలు,
సుత్తి తగిలినా ఓర్చుకునే అద్దం.
ఎనక మూత మీద గుత్తి కొండ,
ఒక్కటే గీత, పడుకున్న ఎద్దు మూపురం మాదిరి.
పొద్దున్నే చావి ఇచ్చుకోవాల.
మర్చిపోతే నిలబడిపోతుంది.
"మనుసులూ అంతే కదమ్మా" అంటాండె సారు.

కాలం చేసేది మేమే అనుకుంటాంటిమి,
మాకంటే ముందు ఆయప్ప చేసినాడు.

మూడు నెల్ల జీతాలు నిలిచినాక
బెంగళూరు నుంచి తెల్ల కారు వచ్చె.
నలుగురు దిగిరి, ఒక్కరి చేతికీ గడియారం లేదు,
ఒకాయనకు మాత్రం అడుగులు లెక్కపెట్టే పట్టీ.
గుత్తిని "గూటీ" అనిరి.
మేం నవ్వినాం. రెండు వారాలకు మేమూ గూటీ అంటిమి.
అబద్ధమెందుకు,
బాకీ జీతానికి వరసలో ముందు నిలబడింది నేనే.
సేటు కాడ కుదవబెట్టిన కమ్మలు ఆ దినమే ఇడిపించుకున్యా.

మొదట చావి పోయింది.
మూత మీద కొండ పోయి
లోపల కనపడాలని అద్దం వచ్చింది,
లోపల చూపించేదానికి ఏమీ లేనప్పుడు.
నలుపు పోయి రోజా రంగు బంగారం.
అంకెలు పోయి చుక్కలు.
పన్నెండు చుక్కలు ఎక్కువ, నాలుగు చాలన్నారు.
అప్పుడు నా బల్ల కాడికి వచ్చినాడు
కొత్త డైరెక్టరు, మెత్తగా మాట్లాడే పిల్లోడు:
"సెకండ్లు ఎవరికి కావాలి ఆంటీ?"

గేటు ఏసే మనిషికి కావాల అని చెప్పలేదు.
పట్టా మీద సుత్తి ఎత్తినోడికి,
మలుపు అవతల కూత ఇనపడినప్పుడు,
అనీ చెప్పలేదు.
"మీ ఇష్టం సార్" అన్యా.

పెద్దదయ్యింది ఒక్కటే,
సారు ఎప్పుడూ యాడా రాయని సంవత్సరం.
"1974 నుంచి" అని మొకం నడుమ అచ్చేసినారు.
నా చేతులు ఫోటో తీసి పెట్టె మీద ఏసినారు.
మొకం వద్దంట, చేతులు చాలంట.
ఆ చేతులతోనే ఆ పెట్టెలకు టేపు అంటిస్తాంటి.

మిగిలిన ఎర్ర ముండ్లను
పాత సామాన్లోనికి కేజీల్లెక్కన అమ్మబోయిరి.
గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా పోస్తే
కాటా ముల్లు కదల్లేదు.
వాడు నవ్వి ఊదినాడు.
గాలికి లేసినవి లేసిపోయె,
నా చీర కుచ్చిళ్ళ మీద పడినవి
వక్కాకు తిత్తిలో ఏసుకున్యా.

నిన్న సుంకన్న కనపడె, కీమ్యాన్,
రిటైరుకు ఇంకా ఏడు నెల్లు.
ఆయప్ప గుత్తి వాచీలో ముల్లు ఊడి
అద్దం కింద అట్లా ఇట్లా దొర్లి ఇరిగిపోయింది.
షాపులో "సర్వీసు లేదు, ఇది ఇచ్చేస్తే
కొత్త గూటీకి ఇరవై శాతం తగ్గిస్తాం" అన్నారంట.
"తగ్గించేదానికి దాంట్లో ఇంకా ఏముండాదమ్మా" అన్నాడు.

ప్లాట్‌ఫారం చివర టీ బంకు బల్ల మీద
పేపరు పరిచి, అద్దం ఇప్పి, తిత్తి తెరిస్తి.
వక్క పొడి అంటిన ముల్లును చీర కొంగుతో తుడిచి
గాజులు మోచేతి మీదికి తోసుకుంటి.
గూడ్సు బండి పోయిందాకా ఆగి
ఊపిరి బిగబట్టి దింపితి.

"ఎంతియ్యాలమ్మా?"
"టైమెంతో చెప్పుపో."
వాచీ కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.
ఆరూ పదకొండు, అని ఆగి,
ముప్పై రెండు, అన్నాడు.
ముప్పై మూడు.
ముప్పై నాలుగు.