రసమట్టం

పోయిన ఆషాఢంల, ఒక ముసురు పొద్దు
హబ్సిగూడ మూల మీద బండి ఒక్క జానెడు జారింది.
ఏం కాలేదు.
ఎనక సీట్ల ఆమె ఫోన్ల నుంచి తల కూడ ఎత్తలేదు.
గప్పటి సంది మీటర్ల పసుపు దీపం,
పాముమెలికల మీద చిన్న కారు బొమ్మ,
ఆరదు.

షోరూమోడు ముప్పై రెండు వేలన్నడు,
అన్నంక చాయ్ తాగమన్నడు.
రాణిగంజ్‌ల వహీదుద్దీన్ దుకాణంల
పాత బండి నుంచి తీసిన ముక్క నాలుగున్నర వేలు.
పేపర్ల చుట్టి ఇస్తూ అడిగిండు:
"బిగిచ్చుడు ఎరుకేనా అమ్మా?"
"ఊడదీసుడు తెలిస్తె బిగిచ్చుడు అదే వస్తది."

ఆదివారం. మౌలాలి. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్.
ముందు బ్యాటరీ మైనస్ వైరు ఇప్పిన.
పావుగంట ఆగాలె, లోపలి కరెంటు సచ్చేదాక.
ఆ పావుగంటల అత్తమ్మ టార్చి పట్టుకొని
"ఇంక షురూ కాలేదా" అని ఐదుసార్లు అడిగింది.

చేతి బ్రేకు పక్క మూత లేపితే
కింద ఆరేండ్ల సంసారం:
పల్లీ పొట్టు, రెండు రూపాయల బిళ్ళ,
ఎవరి పిల్లదో ఎర్ర క్లిప్పు,
జూ పార్కు టికెట్టు సగం,
ఇల్లంత తిట్టుకుంట నేనెతికిన గ్యాసు రశీదు.
వాటి కింద, నేలకు బిగిచ్చి,
అగ్గిపెట్టెంత నల్ల డబ్బి.

"గిదేనా?"
"గిదే. బండి ఎటు తిరుగుతున్నదో దీనికి ఎరుకంట,
నాకంటె ముందే."

అత్తమ్మ ఏం అనలేదు.
నిరుడు కోఠి చెవుల దవాఖాన్ల డాక్టరు
ఆమెకు గట్లనే చెప్పిండు:
తూకం కాళ్ళల్ల ఉండదవ్వా, చెవిల ఉంటది,
నీ చెవిల అది కదిలింది.
గప్పటి సంది గోడ పట్టుకొని నడుస్తది.
గోడ లేని కాడ నన్ను.

పది నంబరు పానా. రెండు బోల్టులు వచ్చినయ్.
మూడోది తుప్పు. కొబ్బరినూనె, తిట్లు, మళ్ళ కొబ్బరినూనె.
సాకెట్టు నాలుక నొక్కి గుంజితే గోరు విరిగింది.
కొత్త డబ్బి మీద బాణం గుర్తు,
అది బండి ముక్కు దిక్కు చూడాలె.
ఒకసారి ఉల్టగ పెట్టిన. తీసిన. మళ్ళ పెట్టిన.

ఆఖరి పని ఒకటున్నది:
మట్టసమైన జాగల బండిని నిలబెట్టి
సున్న అంటే ఏందో ఆ డబ్బికి చూపియ్యాలె.
మౌలాలిల సమంగ ఉన్న నేల యాడ దొర్కుతది?
గుట్ట తొలిచి కట్టిన గల్లీలు,
బిందె పారబోస్తే ప్రతి చుక్కకు తొవ్వ తెలుసు.
ఫోన్ల రసమట్టం పెట్టి చూసిన,
బుడగ ఓ పక్కకే ఉరుకుతున్నది.

అత్తమ్మ చెప్పులు ఇడిచింది.
గోడ ఇడిచింది.
ఇరవై రెండేండ్లు సెంట్రింగు మీద తట్ట మోసిన కాళ్ళు
పార్కింగంత మెల్లగ తడిమినయ్.
"ఈడ వాలు. ఈడ వాలు.
ఈడ మేస్త్రి దొంగపని చేసిండు."
లిఫ్టు పక్కన, రెండో అంతస్తోళ్ళ స్కూటర్ కాడ
కండ్లు మూసుకొని నిలబడ్డది.
ఊగింది. ఆగింది.
"ఈడ పెట్టు."

స్కూటరు జరిపి, వైరు బిగిచ్చి, బండి పెట్టి,
స్టీరింగు తిన్నగ చేసి తాళం తిప్పిన.
పసుపు దీపం. ముప్పై దాక లెక్కపెట్టిన,
ఇరవై ఏడు కాడ ఆరింది.

మూత స్క్రూ ఒకటి మిగిలింది. రేపు చూద్దం.

"ఆరింది అత్తమ్మా, పైకి పోదమా?"
బండి ముందు, బానెటును కూడ పట్టుకోకుండ,
చేతులు రెండు ఖాళీగ, ఆమె ఆడనే ఉన్నది.
ఇంకొంచెం సేపు, అన్నది.