జేబులు చూసి ఉతకాలి

జేబులు చూసి ఉతకాలి, అనేది అమ్మ.
మనుషులు మరిచిపోయినవి
నీళ్లకు చెప్పకూడదు.

దానాంగ్‌లో, హాన్ నది ఒడ్డున మా రేవు.
మొదట వచ్చింది ఫ్రెంచి మూట.
జేబుల్లో సారా సీసా బిరడాలు, అరిగిన నాణేలు,
ఒకసారి ఒక పన్ను. ఎవరిదో.
అమ్మ దాన్ని గుడ్డపేలికలో చుట్టి
వాళ్ల సార్జెంటుకే ఇచ్చొచ్చింది.
దియెన్ బియెన్ ఫూ తర్వాత మూట రాలేదు.
పదకొండు చొక్కాల బాకీ
పద్దులో అలాగే ఉండిపోయింది.

ఆ ఏడే తమ్ముడు ఖియెమ్
క్వీన్యోన్‌లో ఉత్తరాది ఓడెక్కాడు.
రేవు వదిలేదాకా రెండు వేళ్లు చూపిస్తూనే ఉన్నాడు.
రెండేళ్లే అక్కా, రెండేళ్లే.

తర్వాత వచ్చినవి నాలుగు చొక్కాలు.
సలహా ఇవ్వడానికొచ్చిన అమెరికావాళ్లట, అన్నాడు వంటమనిషి లోక్.
సలహాకి ఇంత చెమటెందుకో!
ఒకడి జేబులో చిట్టి నిఘంటువు,
నీళ్లు, దారి, క్షమించండి
మూడింటి కింద పెన్సిలు గీతలు.
మరుసటేడు నలభై.
ఆ పైయేడు మూట ఎత్తడానికి ఇద్దరం చాల్లేదు.

అరవై అయిదు మార్చిలో సముద్రమే మోసుకొచ్చింది వాళ్లని.
తడిసిన బూట్లతో ఇసుకెక్కుతుంటే
బడిపిల్లలు దండలు వేశారు.
తెల్లబట్టలకు ఇస్త్రీ నేనే చేశాను.
వారం తిరక్కుండా మూడొందల చొక్కాలు.
ఒక్కో చొక్కాలో మా ఇంటిల్లిపాదీ పడతాం.
గంజి కావాలన్నారు, నిలబడే గంజి.
కరువేడు మేం తాగి బతికిన గంజి
వాళ్ల కాలర్లకు పెట్టాను.

కొరియావాళ్లది వేరే కుప్ప.
వెల్లుల్లి వాసన,
జేబుల్లో ఇంటికి డబ్బు పంపిన రసీదులు.
పేదవాడి రసీదు
ఏ లిపిలో ఉన్నా చదవగలను.

ఎర్రమన్ను నిమ్మకాయకి లొంగుతుంది.
తుపాకి నూనె కిరసనాయిలుకి.
నెత్తురుకి చన్నీళ్లే.
వేడినీళ్లు తగిలాయా, ఇక జన్మలో పోదు.
ఎవరి నెత్తురని అడిగితే పని సాగదు.

ఒక మంగళవారం మూట విప్పితే
తాటాకు కాలిన వాసన.
మా పిన్ని ఊరు అటువైపే.
ఉతికాను. ఆరేశాను.
డబ్బులు లెక్కపెట్టి తీసుకున్నాను.
అదీ పద్దులో ఉంది.

అరవై తొమ్మిది నుంచి
మూట జ్వరం మనిషిలా చిక్కుతూ వచ్చింది.
తొంభై. ముప్పై.
డెబ్బై మూడులో ఒకే ఒక్కటి.
జేబులో బస్సు టికెట్టు, రానూ పోనూ.
రెండో సగం చింపలేదు.
గడువెప్పుడో దాటిపోయింది.
ఎందుకో పారేయలేకపోయాను.

డెబ్బై అయిదులో చొక్కాలు వీధుల్లోనే దొరికాయి.
మన పిల్లలవే.
విప్పి పడేసి, బనీన్లతో పరుగెత్తారు.
ఉతకమని ఎవరూ తేలేదు.

ఖియెమ్ వచ్చాడు.
రెండేళ్లు ఇరవై ఒక్కయ్యాయి.
ముందు పళ్లు లేవు, నవ్వు మాత్రం అదే.
కోటు విప్పి నా చేతిలో పెట్టాడు.
గుండీ వెనక చీనా అక్షరాలు,
బెల్టు మీద రష్యా నక్షత్రం.
మాకూ వచ్చేవి మూటలు, అన్నాడు.
ఇంకేం చెప్పలేదు.
జేబులో రెండు వేరుశనగ తొక్కలు.
కోటు నిండా ఎర్రమన్ను.
నిమ్మకాయ కోశాను.

ఇప్పుడు మనవరాలు వీ
ఊరి చివర ఫ్యాక్టరీలో జేబులు కుడుతుంది.
చొక్కా కాదు, జేబులే. రోజుకి నాలుగొందలు.
ఓడల్లో పోతాయట.
నిన్న కుట్టు తప్పిందొకటి ఇంటికి తెచ్చింది.
ఎత్తి పట్టుకున్నాను.
ఆ భుజాలు నాకు తెలుసు.

తొట్లో వేయబోతూ ఆగితే నవ్వింది,
కొత్త చొక్కా కదా అవ్వా, జేబులో ఏముంటుంది?

నిజమే, ఏమీ లేదు.
వేళ్లు అడుగుదాకా పోనిచ్చి,
జేబు బయటికి తిప్పి,
ఒకసారి దులిపి,
అప్పుడు తడిపాను.