ఇత్తడి బుర్ర

మూడోసారి విప్పాను ఇవాళ.
అట్‌బాషీ రోడ్డు పక్కన, రాతి మీద తువ్వాలు పరిచి,
స్క్రూలు దొర్లిపోకుండా టోపీలో వేసుకుని.
పాత జావా. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది.
ఆపిన ప్రతిచోటా కింద ఒక తడి మచ్చ,
ఎండలో రంగులు తిప్పుకుంటూ.
అందంగానే ఉంటుంది,
లీటరు ధర గుర్తురానంతసేపు.

ప్లగ్ తీస్తే నల్లగా,
వానలో తడిసిన కాకిపిల్లలా.
తుడుస్తాను. బిగిస్తాను. కిక్ కొడతాను.
దగ్గుతుంది.
సంచిలో నలభై ఒక్కమంది పింఛను,
పేర్ల పక్కన సంతకాలకు ఖాళీలు.

బజారులో తొలొగోన్ అన్నాడు: నీడిల్ అరిగింది.
మార్చాను.
అతని బావమరిది అన్నాడు: సీటులో నలుసు.
ఊదాను, పెదాలు మండేదాకా.
ఇంకెవరో, పుచ్చకాయ గింజలు ఉమ్ముతూ,
అమ్మెయ్, అన్నాడు.
ఆడదానికి బండెందుకని ఎవరూ అనలేదు.
అనకుండా చూశారు, అంతే.

చలికాలం పొద్దున్నే
కార్బొరేటర్ మీద గుండీ నొక్కి నేనే పొంగించేదాన్ని,
పొంగితేగాని లేచేది కాదు.
ఇప్పుడు నొక్కకుండానే పొంగుతోంది.
అలవాటు చేసింది నేనేనేమో.

పెట్రోలు కుళాయి కట్టేసి, తెరిచి, కట్టేసి,
ఒక్కో గుక్కా తాగిస్తూ, వాగు మలుపు దాకా తెచ్చాను.
అక్కడ చివరి ఇల్లు, లిడియా స్తెపానొవ్నాది.
ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పింది,
సంతకం ఇప్పటికీ బోర్డు మీది రాతలాగే ఉంటుంది.
డబ్బు లెక్కపెట్టలేదు. చక్కెర డబ్బా కింద దోపి,
నా చేతులు వాసన చూసింది.
విప్పు, బురుల్చా, అంది.

ఇత్తడి బుర్రను తీసి చెవి దగ్గర ఊపింది.
వినబడుతోందా?
నాకు గాలే వినిపించింది.
ఆమెకు పనిచేసేది ఒక్క చెవే,
ఆ చెవికి మాత్రం, లోపల, గుటక.

ఇది తేలాలి, అంది.
తేలి, పైకి లేచి, తలుపు మూసి, చాలు అనాలి.
దాని ఉద్యోగం ఆ ఒక్క మాటే.
ఇది తాగేసింది.
మునిగినదానికి చాలు అనడం రాదు.
గోడ మీద ఉన్న భర్త ఫోటో వైపు ఆమె చూడలేదు.
నేనే చూశాను.

కెటిల్ పొయ్యి మీంచి దింపి
పెరట్లోకి తెచ్చింది, నిప్పుకు దూరంగా.
ఎనామిల్ గిన్నెలో వేడినీళ్లు.
బుర్రను చెంచాతో ముంచి పట్టుకుంది,
కోడిగుడ్డు ఉడకేస్తున్నట్టు.
ఇద్దరం వంగి చూశాం.
మొదట ఏమీ లేదు.
తర్వాత అతుకు పక్కనుంచి
సన్నగా, తెగకుండా, బుడగల దారం.
ఇన్ని రోజులూ నన్ను తిప్పింది
వెంట్రుకవాసి చిల్లి.

బుడగలు ఆగేదాకా ఆగాం. మళ్లీ ముంచాం. మళ్లీ ఆగాం.
లోపల చుక్క మిగిలినా టంకం పెట్టనివ్వనంది.
ఊపి, విని, ఊపి, విని,
చివరికి కొడవలి అతికే మనిషి పాత ఇస్తిరి కడ్డీ లాంటిదేదో తెస్తే
ఆవగింజంత సీసం పెట్టాం.

అయిపోయిందనుకున్నాను.
లేదు, అంది. అతుకు కూడా బరువే.
బాగైన బుర్ర ముందటి బుర్ర కాదు,
కాస్త ఆలస్యంగా లేస్తుంది.
దానికి తగ్గట్టు మట్టం మార్చాలి.
క్లిప్పును ఒక గాడి జరిపాం,
ఆమె గోరుతో, నేను శ్రావణంతో.

రాత్రి అక్కడే పడుకున్నాను.
బండి కింద పాత వార్తాపత్రిక పరిచి.
తెల్లారి చూస్తే ఒకే మచ్చ,
బఠాణీ గింజంత.
మంచో, పెట్రోలో.
వాసన చూడబోయి మానుకున్నాను.

ఇంకా పదిహేడు సంతకాలున్నాయి,
వాగు అవతల.