చచ్చిన మొక్కల పద్దు

పరవాడ నుంచి భీమిలి దాకా
కంపెనీ జీపులో రెండు గంటలు.
ఒడిలో మూడు ఫైళ్లు.
మా బాయిలరు ఏడాది పొడుగునా వదిలిన పొగని
ఎవరి చేతిలో పెడితే చెల్లుతుందో
తేల్చమని నాకు అప్పజెప్పారు.

మొదటి ఫైలు మెరిసే కాగితం.
కొండ మీద తొమ్మిదొందల ఇళ్లకి పొగ రాని పొయ్యిలు,
వాడకం నూటికి నూరు.
పోయిన వారం చెప్పాపెట్టకుండా వెళ్లాను.
సీదరి బొజ్జన్న ఇంట్లో ఆ పొయ్యిలో
కోడి పొదుగుతోంది.
"గాలి తగలదమ్మా, దానికి బాగుంటాది" అన్నాడు.
వాళ్లావిడ పెరట్లో మూడు రాళ్ల మధ్య
కళ్లు తుడుచుకుంటూ మంట ఊదుతోంది.
కోడి లేచినప్పుడు గుడ్లు లెక్కపెట్టాను, పదకొండు.
ఆ ఊళ్లో నాకు రుజువైన అంకె
అదొక్కటే.

రెండోది సరుగుడు తోట.
కొలతలన్నీ సరిపోయాయి,
రొమ్మెత్తున టేపు చుట్టి నేనే చూశాను.
"మా డబ్బు రాకపోతే ఈ తోట వేసేవారు కాదా?"
దాట్ల వారి పెద్దాయన పకపకా నవ్వాడు.
"మా నాన్నగారి రోజుల్నుంచీ వేస్తున్నామండీ,
నాలుగేళ్లకోసారి కాగితం మిల్లు లారీ వస్తుంది."
పొద్దున్నే వచ్చే సూర్యుడికి
బత్తా ఇవ్వమంటున్నారు నన్ను.

ఇక మూడోది.
గోస్తనీ సముద్రంలో కలిసేచోట
నీరు తీసిన బురదలో మోకాలిదాకా దిగాను.
చెప్పులు అక్కడే పోయాయి.
గరికిన కొర్లమ్మ ముందు నడుస్తోంది,
చంకలో బడిపిల్లల నోటుపుస్తకం,
అట్ట మీద ఎక్కాలు.

మడ మొక్కలు నాటినవి రెండువేల మూడొందలు.
పక్కనే ఎర్ర సిరాతో
చచ్చినవి ఏడొందల అరవై రెండు.
తుఫానుకి ఇన్ని, మేకలకి ఇన్ని,
మరిది పడవ లంగరుకి పద్నాలుగు.
"ఆడికి జురమానా ఏసినాం. ఇంకా కట్టనేదు."

ఇవన్నీ ఎందుకు రాశావని అడిగాను.
వింతగా చూసింది.
"సచ్చినయ్యి రాసుకోకపోతే
మళ్లీ ఏడ నాటాలో ఎలా తెలుత్తాదమ్మా?"

కొబ్బరితాడుతో పది మీటర్ల చదరం కట్టి లెక్కపెట్టాను.
నాకు నలభై ఒకటి, పుస్తకంలో నలభై రెండు.
ఆమె మళ్లీ దిగి ఒక్కో మొక్కనీ ముట్టుకుంటూ నడిచింది.
ఒకచోట ఆగి, వంగి,
పీతలు కొరికేసిన కాడని బయటికి తీసింది.
"మొన్నటిదాకా ఉంది ఇది."
నా ఎర్రపెన్ను అడిగి తీసుకుంది.

ఒడ్డుకొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగింది:
"మీ పొగ ఏమాత్రం తగ్గించినారు?
దానికీ పుత్తకం ఉందా?"
నీరు ఎక్కుతోంది, వెళ్లాలి అన్నాను.

తిరుగు దారిలో కాన్వెంటు జంక్షన్ దగ్గర
అద్దం మీద పోర్టు బొగ్గు పొడి.
డ్రైవరు సన్యాసినాయుడు వైపరు వేస్తే
అద్దమంతా ఇంకా నల్లబడింది.

మీటింగులో మా డైరెక్టరు కళ్లద్దాలు తీసి:
"మూడోది రెండింతల ధర.
మూడోవంతు చచ్చిపోయాయని వాళ్లే రాశారు.
పొయ్యిల్లో ఒక్కటీ పాడవలేదు కదమ్మా?"
"అందుకే సార్" అన్నాను.
ఏసీ చప్పుడు చాలాసేపు వినబడింది.
మూడోదానికి సంతకం పెట్టారు,
అడిగినదాంట్లో సగానికి.
మిగతా సగం సంగతి మినిట్సులో లేదు.

ఆ సాయంత్రం గాజువాకలో
వంద పేజీల రూళ్ల పుస్తకం కొన్నాను.
మొదటి పేజీలో బాయిలరు నంబరు రాశాను.
వదిలింది ఒక గడి, తగ్గించింది ఒక గడి.
మొదటి గడి ప్రతి సోమవారం నిండుతోంది.

నిన్న కొర్లమ్మ ఫోను చేసింది.
వెనకాల అలల హోరు, ఎవరో వల లాగుతున్న కేకలు.
మరిది జురమానా కట్టేశాడట,
మొక్కకి పది రూపాయలు, నూట నలభై.
కాస్సేపు ఆగి అడిగింది:

"మరి మీదేటమ్మా?"