సర్దుతున్నాను

క్లాక్స్‌విక్ బడి వ్యాయామశాలలో
బాస్కెట్‌బాల్ గీతల మీద బల్లలు వేశారు.
నాలుగో రౌండు. కిటికీల అవతల
పొద్దుటి నుంచి కొండ లేదు, పొగమంచే.

మార్యున్‌కి పదిహేడేళ్ళు. తెల్లపావులు.
రాజు ముందరి బంటు జోలికి పోలేదు,
మంత్రి ముందరిదాని జోలికీ పోలేదు.
ఎడమ వైపు గుర్రం ముందున్న బంటుని
ఒక్క గడి జరిపింది,
పెరటి గుమ్మంలోంచి వచ్చిన చుట్టంలా.

హేయిన్ లోపల నవ్వుకున్నాడు. నలభై ఏళ్ళు
చేపల ఓడల్లో ఇంజన్లు విప్పి బిగించినవాడు.
ఇచ్చిన చోటు వద్దనడం చేతకాదు:
నడిబొడ్డున రెండు బంట్లు నిలిపాడు,
ఒకదాన్ని ఇంకో అడుగు తోశాడు,
సరిగ్గా ఆమె శకటు చూపుకి అడ్డంగా.

ఆ శకటు పని అయిపోయిందనుకున్నారు
చూసేవాళ్ళు, ఉన్న ముగ్గురూ.
ఒకే నల్లబంటు మొహం చూస్తూ
ఇరవై ఆరు ఎత్తులు కూర్చుంది.
ఈలోపు గుర్రాలు పోయాయి.
ఏనుగు మొహమెరగని ఆ దీవిలో
రెండు జతల ఏనుగులు ఎదురెదురుగా నిలిచి
ముందు తొండమెత్తేదెవరా అని చూశాయి.
కాఫీ చల్లారింది. మధ్యవర్తి ఇంకో బల్ల దగ్గర
పాడైన గడియారంతో తగువులో ఉన్నాడు.

అప్పుడు హేయిన్ చెయ్యి చాచాడు.
చూపుడువేలు మొదటి కణుపు దాకే ఉంటుంది,
మిగతాది ఏదో సముద్రంలో.
ఆ మొండివేలితో, గడిలో కాస్త ఒరిగిన తన బంటుని
నిటారుగా నిలబెట్టాడు.
అంతే. మరలు సరిచేసే చెయ్యి, ఊరుకోలేదు.
ముందు అనాల్సిన మాట ఒకటుంది: సర్దుతున్నాను.
అనలేదు.

ముట్టుకున్నది కదపాలి.
ముందుకు తోసినా, పక్కదాన్ని చంపినా
తలుపు తెరుచుకోక తప్పదు.
మధ్యవర్తి చూడలేదు. మార్యున్ చూసింది,
చూసి, కాగితం మీద ఎప్పుడో రాసిన ఎత్తుని
మళ్ళీ దిద్దుతూ తల వంచుకుంది.

గడియారం అతని వైపే నడుస్తోంది.
రెండు నిమిషాలు, పావులకేసి కాదు,
తన వేలికేసి చూసుకుని
హేయిన్ ఆ బంటుని ముందుకు జరిపాడు.

శకటు ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసింది.
తర్వాత తొమ్మిది ఎత్తులు. వాటి సంగతి చెప్పను.

చేతులు కలుపుకున్నాక పావుల్ని వెనక్కి పేర్చారు,
ఆ వేలు తగలకముందు దాకా.
"ఇక్కడ ఏం ఆడేవారు?"
"ఏనుగు."
చాలాసేపు చూసింది.
"అయితే నేను ఓడేదాన్ని."
"ఏమో," అన్నాడు కోటు తొడుక్కుంటూ,
"ఆరింటి పడవ దొరుకుతుందా నీకు?"

బంటు మళ్ళీ గడిలో వంకరగా ఉంది.
ఇద్దరూ చూశారు.